రంగు మార్చి దూకే ఆట – ఒక పరిశీలన

వార్షికోత్సవ సంచికలో వీడియో గేమ్ మీద వ్యాసమా అని కొందరు అన్నలు నవ్వుకోవచ్చు. గేములు ఆడితే చదువు అటకెక్కుతుందని మన హాస్టళ్ళలో ప్రతి వార్డెన్ గారూ చెప్పే మాటే. ఆ మాటను మేము కాదనటం లేదు. అయితే ఒక ఆటను విప్పి చూస్తే లోపల లెక్కలు, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం కూడా కనబడతాయని పి.జి.లో మా గదిలోని నలుగురం ఆదివారం సాయంత్రాలు కూర్చుని గమనించాం. అవి తమ్ముళ్ళకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

గట్టు మీద నుంచి గట్టు మీదకు దూకుతూ ముందుకు పోయే ఆటలను ప్లాట్‌ఫార్మర్లు అంటారు. మనలో చాలామందికి తెలిసిన మారియో ఈ కోవలోదే. దూకడంతో పాటు కత్తియుద్ధం వంటివి చేరితే యాక్షన్ ప్లాట్‌ఫార్మర్ అవుతుంది. మేము పరిశీలించిన ఆట పేరు 'అవుట్‌లాండ్'. ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకిలో ఉన్న హౌస్‌మార్క్ సంస్థ దీనిని తయారుచేసింది. 2011లో ముందు గేమ్ కన్సోళ్ళకు, 2014లో కంప్యూటర్‌కు వచ్చింది.

ఇందులో కథానాయకుడికి రెండు రంగులు, ఎరుపు, నీలం. ఒక్క బటన్‌తో రంగు మారుతుంది. మనం ఏ రంగులో ఉంటే ఆ రంగు గుళ్ళు మనల్ని ఏమీ చేయవు. వేరే రంగు గుండు తగిలితే దెబ్బే. కొన్ని గట్లు మనం వాటి రంగులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఇంతవరకు సులభమే. చిక్కంతా శత్రువు దగ్గర ఉంది. ఎర్ర శత్రువును కొట్టాలంటే మనం నీలంలో ఉండాలి. కానీ వాడి చుట్టూ ఎర్ర గుళ్ళు కురుస్తుంటే, వాటి నుంచి కాచుకోవాలంటే ఎరుపులో ఉండాలి! కాచుకునే రంగు, కొట్టే రంగు ఒకటి కాదు. ఎరుపులో గుళ్ళను దాటి దగ్గరకు పోవడం, సందు దొరికిన అరక్షణంలో నీలంలోకి మారి వేటు వేయడం, వెంటనే మళ్ళీ ఎరుపులోకి రావడం. ఆట రుచి అంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

లాజిక్ గేట్లు చదివినవారు ఈ నియమాన్ని ఇట్టే పట్టుకుంటారు. ఎరుపును 0 అనుకుందాం, నీలాన్ని 1 అనుకుందాం. మన రంగు 0, గుండు రంగు 0 అయితే ఫలితం 0, అనగా దెబ్బ లేదు. 1, 1 అయినా ఫలితం 0. ఒకటి 0, మరొకటి 1 అయితే ఫలితం 1, అనగా దెబ్బ. ఇది అచ్చంగా ఎక్స్‌ఆర్ గేటు. తమాషా ఏమంటే శత్రువు మీద మన కత్తి పనిచేసే నియమం కూడా అదే ఎక్స్‌ఆర్. ఒకే గేటు ఒకచోట మనకు అపాయం, మరొకచోట మనకు ఆయుధం. రంగు మార్చడానికి ప్రోగ్రాములో ఒక్క వరుస చాలు: పాత విలువను 1లోంచి తీసివేయడమే. 0 పోయి 1 వస్తుంది, 1 పోయి 0 వస్తుంది. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న తమ్ముళ్ళు స్క్రాచ్‌లో రెండు రంగుల బంతులతో దీనిని ఒక సాయంత్రంలో చేసి చూడవచ్చు. స్క్రాచ్ ఉచితం, ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది.

ఆడేటప్పుడు మేము గమనించిన సంగతి ఇంకొకటి. కొత్తగా ఆడేవాడి కళ్ళు బొమ్మ మీదే ఉంటాయి. చేయి తిరిగినవాడి కళ్ళు మాత్రం బొమ్మ దిగబోయే చోట ఉంటాయి. గట్టు వదిలేముందే దిగే గట్టు రంగు ఏమిటో వాడు తేల్చుకుని, గాలిలో ఉండగానే బటన్ నొక్కుతాడు. ఆట కూడా మంచి మాస్టారు లాగా ఒక్కొక్క పాఠమే చెబుతుంది. మొదట్లో రంగు శక్తి అసలు ఉండదు, నడక, దూకుడు, కత్తి మాత్రమే. రంగులు తరువాత ఒక్కొక్కటిగా వస్తాయి.

ఈ ఆలోచన హౌస్‌మార్క్ వారిది మాత్రమే కాదు. జపాన్‌లోని ట్రెజర్ సంస్థ 2001లో తెచ్చిన 'ఇకరుగా' అనే విమానాల ఆటలో నలుపు, తెలుపులతో ఇదే పద్ధతి ఉంది.

రెండు రంగులకు బదులు ఎనిమిది ఉంటే? 2016లో వచ్చిన 'హ్యూ' అలాంటిదే. ఇందులో మారేది మన రంగు కాదు, వెనుక తెర రంగు. తెర నారింజ అయితే నారింజ రాళ్ళన్నీ అందులో కలిసి మాయమవుతాయి, దారి వస్తుంది. ఇది ఆడుతుంటే మాలో ఒక మిత్రుడు అస్తమానం ఒకేచోట ఆగిపోయేవాడు. "ఇది నారింజా, ఆకుపచ్చా?" అని అడిగేవాడు. మొదట వేళాకోళం అనుకున్నాం. నాలుగోసారి అడిగాక ఎవరమూ నవ్వలేదు. ఎందుకంటే అతను అసిస్టెంట్ లోకో పైలట్ కోచింగ్‌కు డబ్బు కట్టబోతున్నాడు. ఇంటి నుంచి వచ్చిన అప్పు డబ్బు అది.

మరునాడే ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి వెళ్ళాం. అక్కడ చుక్కల మధ్య అంకెలు చదివించారు. అది జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించిన పరీక్ష. అతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడాలు సరిగా తెలియవని తేలింది. ఈ లోపం సాధారణంగా పుట్టుకతో వస్తుంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవారికి ఆ క్రోమోజోము ఒక్కటే కనుక వారిలోనే ఎక్కువ. చదువుకు, చూపుకు దీనివల్ల ఇబ్బంది లేదు, అందుకే ఇరవై ఏళ్ళు వచ్చినా చాలామందికి తెలియదు. కానీ లోకో పైలట్లకు సిగ్నల్ చూడటమే పని. ఆ పోస్టుకు ఎ-1 వైద్య ప్రమాణం ఉంది, రంగుల పరీక్ష నెగ్గి తీరాలి. రాత పరీక్షలన్నీ గట్టెక్కాక, చివరి మెట్టు మీద ఆ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! రైల్వే, పోలీసు ఉద్యోగాల వైపు చూసే తమ్ముళ్ళు దరఖాస్తుకు ముందే ఈ పరీక్ష చేయించుకోవాలి. ఫోను తెర మీద చూసుకుంటే రంగులు మారతాయి, ఆసుపత్రికే వెళ్ళాలి.

మా మిత్రుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కట్టబోయిన డబ్బు ఇంటికి పంపేశాడు. ఇప్పుడు డిఎస్సీకి చదువుతున్నాడు. 'హ్యూ'లో రంగులు తెలియనివారి కోసం ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క గుర్తు చూపే ఏర్పాటు ఉంది. అది పెట్టుకుని ఆ ఆటను మా అందరికంటే ముందు పూర్తిచేసింది అతనే.