వనభోజనాలకు, కారు ప్రయాణాలకు ఏ స్టవ్ తీసుకెళ్లాలి?



కార్తీక మాసం మొదలైతే ఆదివారం ఉసిరి చెట్టు కింద వనభోజనం, ఆ తర్వాత క్రిస్మస్ సెలవులు, వెంటనే సంక్రాంతి. అరకు, లంబసింగి, అనంతగిరి, శ్రీశైలం, సూర్యలంక... కారు డిక్కీలో చాప, మంచినీళ్ల క్యాన్, టిఫిన్ క్యారియర్‌తో పాటు ఈ మధ్య చాలా ఇళ్లలో ఒక చిన్న స్టవ్ కూడా చేరుతోంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, "మేడమ్, మీరు సైన్స్ టీచర్ కదా, వీటిలో ఏది మంచిది?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు. రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఈ నెల పేజీ దానికే కేటాయించాను. ఇందులో ఉన్నదంతా మీ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చదివే దహనం, బాష్పీభవనం పాఠాలే. పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందుగా ఒక మాట. స్టవ్ కొనే ముందు, అసలు అవసరమా అని ఆలోచించండి. ఒక్కరోజు ప్రయాణానికి పులిహోర, దద్దోజనం, చపాతీలు, కారప్పొడి ఉంటే సరిపోతుంది. మంచి స్టీల్ ఫ్లాస్కులో పోసిన వేడినీళ్లు మధ్యాహ్నం దాకా పసిపిల్లల పాలకు, పెద్దవాళ్ల కాఫీకి పనికొస్తాయి. రెండు పూటలకు మించి బయట ఉంటేనో, పదిమంది కలిసి వండుకుని తినడమే సరదా అనుకుంటేనో స్టవ్ గురించి ఆలోచించాలి. నన్నడిగితే సగం ప్రయాణాలకు ఫ్లాస్కే చాలు.

ఇక స్టవ్‌ల విషయం. మన దగ్గర దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది పెట్టెలాంటి స్టవ్. బల్లపరుపుగా సూట్‌కేస్‌లా ఉంటుంది. పక్కనున్న అరలో స్ప్రే డబ్బాలాంటి గ్యాస్ క్యాన్ పెట్టి మీట నొక్కితే బిగుసుకుంటుంది. నాబు తిప్పితే అదే వెలుగుతుంది. క్యాన్‌లో సుమారు 220 గ్రాముల బ్యూటేన్ ఉంటుంది. నలుగురున్న కుటుంబానికి ఇదే అన్నిటికంటే వీలైనది. నేల మీద కదలకుండా నిలబడుతుంది, ఇంట్లో గిన్నెలే పెట్టుకోవచ్చు. పెద్ద మంట మీద ఒక క్యాన్ గంట నుంచి గంటన్నర దాకా వస్తుంది.

రెండోది ట్రెక్కింగ్ చేసేవాళ్లు వాడే చిన్న బర్నర్. పొట్టి గుండ్రటి క్యాన్ నెత్తిన మరలా బిగిస్తారు. అరచేతిలో ఇమిడిపోతుంది, బరువుండదు. ఒకరిద్దరికి నూడుల్స్, టీ వరకు బాగుంటుంది. కానీ దాని మీద మూడు లీటర్ల కుక్కర్ పెడితే బరువంతా పైనే ఉండి ఊగుతుంది. చుట్టూ పిల్లలు పరుగెత్తే చోట మరిగే పప్పు గిన్నెను అలా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

మూడోది 5 కిలోల చిన్న సిలిండర్, దానికి విడిగా గొట్టంతో సింగిల్ బర్నర్ స్టవ్. ఇండేన్ దీన్ని ఛోటూ అని, హెచ్‌పీ అప్పు అని, భారత్ గ్యాస్ మినీ అని అమ్ముతున్నాయి. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. గ్యాస్ ఏజెన్సీల్లోనే కాక కొన్ని పెట్రోల్ బంకుల్లో కూడా ఇస్తారు. నిండు సిలిండర్ పది కిలోల బరువు దాటుతుంది కాబట్టి మోయడం కష్టమే. కానీ పదిహేను ఇరవై మంది వనభోజనానికి ఇదే సరైనది.

నాలుగోది కట్టెల స్టవ్, స్పిరిట్ స్టవ్, కిరోసిన్ స్టవ్ లాంటివి. కిరోసిన్ దొరకడమే గగనమైంది. స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోస్తే మంట సీసాలోకే ఎగబాకుతుంది. పిల్లలున్న ఇంటికి వద్దనే చెబుతాను.

వీటిలో దేనికీ చెందని ఒక రకం హార్డ్‌వేర్ షాపుల ముందు వరుసగా పేర్చి కనిపిస్తుంది. ఎర్రటి, నీలం రంగు బుల్లి సిలిండర్, దాని నెత్తినే బర్నర్. రెండు మూడు కిలోల గ్యాస్ పడుతుంది. చవక. గ్యాస్ అయిపోతే సందు చివరి షాపులో పెద్ద సిలిండర్ తలకిందులుగా పెట్టి ఇందులోకి నింపి ఇస్తారు. దయచేసి దీని జోలికి వెళ్లకండి. ఇలా నింపడం చట్టవిరుద్ధం. అంతకంటే ముఖ్యం, ప్రమాదం. బాట్లింగ్ ప్లాంట్‌లో సిలిండర్‌ను తూకం వేసి, పైన కొంత ఖాళీ ఉండేలా నింపుతారు. ద్రవరూపంలో ఉన్న గ్యాస్ వేడికి వ్యాకోచిస్తుంది, ఆ ఖాళీ దానికోసమే. సందులో నింపేవాడికి ఆ లెక్క ఉండదు. అంచుదాకా నిండిన సిలిండర్ ఎండలో డిక్కీలో ఉంటే, వ్యాకోచించే ద్రవానికి చోటు లేక పీడనం విపరీతంగా పెరుగుతుంది. పైగా మంటకూ గ్యాస్‌కూ మధ్య జానెడు దూరం కూడా లేదు. కింద లీకైతే పారిపోయే వ్యవధి ఉండదు. ఐదారు వందలు మిగులుతాయని ఈ బేరం చేయకండి.

5 కిలోల సిలిండర్ తీసుకునేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పట్టీ మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెల సంవత్సరం రాసి ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా మూడేసి నెలలు. బి 27 అని ఉంటే 2027 జూన్ లోపు దాన్ని తిరిగి పరీక్షించాలని అర్థం. గడువు దాటిన సిలిండర్ ఇస్తే తిప్పి పంపే హక్కు మీకుంది. ఇంట్లో వాడే సిలిండర్‌కూ ఇదే పద్ధతి, ఈరోజే వంటగదిలోకి వెళ్లి చూడండి. గొట్టం, రెగ్యులేటర్, స్టవ్ మూడింటి మీదా ఐఎస్ఐ గుర్తు ఉండాలి. గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే. లీకు ఉందో లేదో సబ్బు నురగ రాసి చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు. గ్యాస్ లీకైతే సాయానికి ఫోన్ చేయాల్సిన నంబరు 1906.

దోసె పెనం ఎందుకు వద్దు?

పెట్టె స్టవ్ కొన్నవాళ్లకు ఇది తప్పకుండా తెలియాలి. ఆ స్టవ్‌తో వచ్చే కాగితంలో వెడల్పాటి పాత్ర పెట్టకూడదని రాసి ఉంటుంది. మనం ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటే పారేస్తాం. మన ఇళ్లలో దోసె పెనం వెడల్పు. దాన్ని పెడితే అంచు పక్కనున్న క్యాన్ అర మీదికి వచ్చేస్తుంది. పెనం నుంచి కిందికి కొట్టే సెగకు క్యాన్ వేడెక్కి, లోపల బ్యూటేన్ పీడనం పెరుగుతుంది. మంచి స్టవ్‌లలో పీడనం హద్దు దాటితే క్యాన్‌ను దానంతటదే విడగొట్టే ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడు షాపువాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఆ ఏర్పాటు ఉన్నా సరే, పెనం పెట్టకండి. రెండు స్టవ్‌లు ఆనించి పెట్టి పెద్ద బిర్యానీ గిన్నె ఎక్కించడం ఇంకా ప్రమాదం. గాలికి మంట ఆరిపోతోందని స్టవ్ చుట్టూ రేకులతో పూర్తిగా మూసేయడం కూడా అలాంటిదే. గాలి వచ్చే వైపు మాత్రమే ఒక అడ్డు పెట్టండి, క్యాన్ వైపు తెరిచి ఉంచండి.

క్యాన్ మూతి అంచున ఒక చిన్న గాడి ఉంటుంది. అరలో పెట్టేటప్పుడు ఆ గాడి పైకి ఉండాలి. అప్పుడు లోపలి సన్న గొట్టం పైభాగంలోని ఆవిరిని తీసుకుంటుంది. తలకిందులైతే ద్రవమే బర్నర్‌లోకి వచ్చి మంట భగ్గున లేస్తుంది.

ఎండలో నిలబెట్టిన కారులో క్యాన్లు వదిలి దర్శనానికి వెళ్లకండి. అద్దాలు మూసిన కారు లోపల బయటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ కావడం మామూలే. క్యాన్ మీద మాత్రం ఎంత వేడి దాటకూడదో ముద్రించే ఉంటుంది, చూడండి.

లంబసింగిలో స్టవ్ ఎందుకు మొరాయిస్తుంది?

చింతపల్లి దగ్గరి లంబసింగిలో కొన్ని చలికాలపు తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత కూడా సుమారు సున్నా డిగ్రీలే, సరిగ్గా చెప్పాలంటే మైనస్ 0.5. అంటే ఆ చలిలో క్యాన్‌లోని ద్రవం మంటకు సరిపడా ఆవిరిగా మారదు. గ్యాస్ నిండుగా ఉన్నా మంట రాదు. ఎనిమిది పది డిగ్రీల చలిలో కూడా ముందు బాగా వెలిగి, కాసేపటికి నీరసిస్తుంది. ఎందుకంటే ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చేతికి శానిటైజర్ రాసుకుంటే చల్లగా అనిపించేదీ, మట్టి కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. అలా క్యాన్ తనను తానే చల్లబరుచుకుంటుంది. ముట్టుకుని చూడండి, ఐసులా ఉంటుంది.

దీనికి విరుగుడు క్యాన్‌ను మంట దగ్గర పెట్టి వేడి చేయడం కాదు. అలా చేస్తే పేలుతుంది. రాత్రి దుప్పట్లో చుట్టి గదిలో ఉంచి, తెల్లవారి వాడుకోండి. లేదా ప్రొపేన్ కలిసిన గ్యాస్ వాడండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి చలికి లొంగదు. ట్రెక్కింగ్ క్యాన్లలో ఇది కొంత కలుపుతారు, మన ఎల్పీజీలో కూడా ఉంటుంది.

కొండ మీద అన్నం ఆలస్యంగా ఉడకడానికి కారణం వేరే. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తున్న అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. ఊటీలో ఇంకా తక్కువ. చిన్న కుక్కర్ తీసుకెళితే ఈ బాధ ఉండదు, గ్యాసూ ఆదా.

చలి అనగానే ఇంకో సంగతి. వర్షం వచ్చిందనో, చలేస్తోందనో టెంటులో, అద్దాలు మూసిన కారులో, తలుపులు బిగించిన గదిలో ఏ స్టవ్‌నూ వెలిగించకండి. ఆక్సిజన్ చాలనప్పుడు ఇంధనం సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వస్తాయి, నిద్ర అనుకుంటాం, లేవలేం. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే దహనం సరిగా జరగడం లేదని గుర్తు, గిన్నె అడుగున మసి కూడా కడుతుంది. అయితే నీలి మంట ఉందికదా అని మూసిన చోట ధైర్యం చేయకూడదు.

ఎక్కడ అసలు వెలిగించకూడదు?

రైలు విషయంలో మినహాయింపు లేదు. గ్యాస్ సిలిండర్, స్టవ్, కిరోసిన్, పెట్రోల్ ఏదీ తీసుకెళ్లకూడదు. రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. 2023 ఆగస్టు 26న మధురై రైల్వే యార్డులో ఆగి ఉన్న ఒక యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిది మంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఆ బృందం రహస్యంగా తెచ్చుకున్న సిలిండర్‌తో తెల్లవారుజామున టీ పెట్టుకుంటుండగా మంటలు లేచాయి. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, తోటివాళ్లకు వేడి వేడి టీ ఇద్దామనుకున్నవాళ్లే. కాశీ యాత్రకు వెళ్లే మన నానమ్మలకు, తాతయ్యలకు ఈ సంగతి చెప్పండి. విమానంలో కూడా గ్యాస్ క్యాన్లను చేతి సంచిలోనూ, లగేజీలోనూ ఒప్పుకోరు. బస్సులో పక్కవాళ్ల ప్రాణాలు కూడా మన చేతిలో ఉంటాయి, ఆ ఆలోచనే వద్దు.

శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. నల్లమలలో ఎండిన గడ్డికి ఒక నిప్పురవ్వ చాలు. అడవి మధ్యలో కారు ఆపి వంట మొదలుపెట్టకండి. ఊరు చేరాక, అనుమతి ఉన్న చోట వండుకోండి.

చివరగా పిల్లలకు ఒక లెక్క. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 314 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక గ్రాము బ్యూటేన్ మండితే సుమారు 45 కిలోజౌళ్లు వస్తాయి. ఆరుబయట అందులో సగమే గిన్నెకు చేరుతుందనుకుందాం. అంటే లీటరు నీటికి 14 గ్రాములు, గాలి ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని పూటలు, టీ ఎన్నిసార్లు, అన్నం ఎన్నిసార్లు అని పిల్లలే రాసి, ఎన్ని క్యాన్లు కావాలో చెప్పాలి. వచ్చాక మిగిలిన క్యాన్లను వంటింటి తూకం మీద పెట్టి, అంచనా ఎంత సరిపోయిందో చూడాలి. నోట్‌బుక్‌లో రాసి సెలవుల తర్వాత తీసుకొస్తే క్లాసులో అందరి లెక్కలూ బోర్డు మీద రాద్దాం. క్యాన్‌ను స్టవ్‌లో పెట్టడం, తీయడం, వెలిగించడం మాత్రం పెద్దవాళ్ల పనే.