మక్కా మసీదు చూసొద్దాం

నల్గొండ దగ్గర ఒక పల్లె. అక్కడి పొదుపు సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్ళు. ఏడాదికి ఒకసారి ఎక్కడికన్నా కలిసి పోయి రావాలని వాళ్ళ కోరిక. ఈసారి హైదరాబాదు అనుకున్నారు. చార్మినారు, దాని పక్కనే ఉన్న మక్కా మసీదు.

మసీదు మాట ఎత్తింది రాళ్ళు కొట్టే వదినె. చదువు కేంద్రంలో ఒక పుస్తకం చదివి వచ్చి అందరికీ చెప్పింది.

మక్కా మసీదును 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టాడు. ఆయన బతికుండగా పని కాలేదు. ఆయన తర్వాతి రాజుల కాలంలోనూ కాలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. చివరికి 1694లో ఆయనే పూర్తి చేయించాడు. మక్కా నుంచి మట్టి తెప్పించి, ఇటుకలు చేసి, నడిమి కమానులో పెట్టారని చెబుతారు. అందుకే ఆ పేరు.

మిగతాదంతా నల్లరాయి. హాలు పొడవు 220 అడుగులు, వెడల్పు 180 అడుగులు, ఎత్తు 75 అడుగులు. కట్టే రోజుల్లో ఫ్రాన్సు దేశపు వర్తకుడు తవెర్నియే దాన్ని చూశాడు. ఒక్క పెద్దరాయిని తొలిచి తీయడానికే అయిదేళ్ళు పట్టిందట. అయిదారు వందల మంది పనిచేశారట. దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కట్టారని ఆయన రాశాడు.

"అయిదేండ్లంటే నేను నమ్ముత. రాయి సంగతి నాకెరికే. ఆ రాయి పని కండ్లార చూడాలె" అన్నది వదినె.

"మసీదుల మనకేం పని? ఆడోళ్ళను రానిస్తరా?" అని ఒక అత్త అడిగింది.

సంఘంలో బీడీలు చుట్టే ముస్లిం చెల్లె ఉంది. ఆమె ఉన్నమాట చెప్పింది. "ఆవరణలకు అందరు పోవచ్చు అత్తా. ఏ మతమైనా సరే. లోపల నమాజు చేసే హాలులకు మాత్రం ఆడోళ్ళను రానియ్యరు. మేము ఇంట్లనే చదువుకుంటం. బయట నుంచే చూడాలె."

కొందరికి మనసు చిన్నబోయింది. అంత దూరం పోయి గడప అవతలే నిలబడాలా? వదినె ఊరుకోలేదు. "కమాన్లు బయటికే కనబడుతయి కదా. రాయిని ముట్టి చూస్త" అన్నది. ఈ మాట ముందే తెలియడం మంచిదయింది. అక్కడికి పోయాక ఆపితే ఇంకా నొచ్చుకునేవాళ్ళు.

ఇంకొక భయం కూడా బయటికి వచ్చింది. అక్కడ బాంబు పేలింది కదా? నిజమే. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. అయినా జనం రావడం మానలేదు. సంచులు తనిఖీ చేస్తే చూపించాలి, విసుక్కోకూడదు.

శుక్రవారం వద్దనుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం నమాజుకు వేలమంది వస్తారు. రంజాను నెల చివరి శుక్రవారమైతే రోడ్డు మీద కూడా నమాజే. క్యాలెండరు చూసి బుధవారం ఖాయం చేశారు. మధ్యలో నమాజు వేళ అయితే పక్కకు జరిగి, మాట్లాడకుండా ఆగాలి. చెప్పులు విప్పాలి. తలమీద కొంగు కప్పుకోవాలి. ఆవరణలో నిజాము వంశం వాళ్ళ సమాధులున్నాయి. వాటి మీద కూర్చోకూడదు. పావురాలు మాత్రం గుంపులు గుంపులుగా ఉంటాయి, పిల్లలకు చెప్పడానికి అదొక సంబరం!

ఖర్చు లెక్క పెద్దగా లేదు. 2023 డిసెంబరు 9న మొదలైన పథకంలో తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సున్నా టికెట్టు ఇస్తారు. గుర్తింపు కార్డు మరిచిపోతే డబ్బు కట్టాల్సిందే. మసీదుకు టికెట్టు లేదు. చార్మినారు ఎక్కాలంటే ఉంది. అన్నం మూటలు ఇంటి నుంచే.

"తోడు మగోడు లేకుండ పట్నం పోతరా? తప్పిపోతరు" అన్నాడు అత్త కొడుకు. అత్త అతని ముందే బస్సు బోర్డు పేరు కాగితం మీద రాసింది. 'మహాత్మాగాంధీ బస్ స్టేషన్'. మహాత్మా దగ్గర ఒత్తు తప్పింది. చెల్లె దిద్దింది. అక్కడ దిగితే చార్మినారు రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎవరన్నా తప్పిపోతే మసీదు పెద్ద గేటు దగ్గరే నిలబడాలి. ఫోను నంబర్లు రాసిన చీటీ పన్నెండు మంది కొంగుల్లోనూ కట్టుకున్నారు.

లెక్క చేయండి: మసీదు 1617లో మొదలైంది. 1694లో పూర్తయింది. ఎన్నేళ్ళు పట్టింది?

రాయండి: మీ ఊరి నుంచి హైదరాబాదుకు మొదటి బస్సు ఎన్ని గంటలకు?