జీవకణములోని వ్రాత

ఒక యింట బిడ్డ తఱచుగా ఎముకల నొప్పులతో బాధపడుచు, పాలిపోయి, వయస్సునకు తగిన యెదుగుదల లేక యున్నచో, పెద్దలు "అది వాని తలవ్రాత" యని నిట్టూర్చుట మనము వినుచుందుము. నొసటి వ్రాతను చదివినవారు లేరు. కాని మన దేహమునందు నిజముగానే యొక వ్రాత గలదు. అది నొసట గాక జీవకణములయం దున్నది. దానిని చదువుట మానవుడు నేర్చుకొనినాడు. ఆ వ్రాత యెట్టిదో, అందొక్క యక్షరము తప్పిన నేమగునో, సంగ్రహముగా తెలిసికొందము.

1665వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్, సీసా బిరడాలు చేయు బెరడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు తేనెపట్టు గదులవంటి చిన్న యఱలను గాంచి, వానికి 'సెల్' అని పేరిడెను. ఆయన చూచినవి వట్టి గోడలే. 1838, 1839 సంవత్సరములలో జర్మనీ దేశీయులగు ష్లైడెన్, ష్వాన్ అను శాస్త్రజ్ఞులు, వృక్షములును జంతువులును కణములచేతనే నిర్మితములైనవని చెప్పిరి. ఇటుకలచే గోడ యెట్లో కణములచే దేహ మట్లే. కాని యిటుక జడము, కణము సజీవము. అది యాహారమును గైకొనును, శక్తిని బుట్టించును, తనవంటి మఱియొక కణమును గనును. దానిచుట్టు పలుచని పొరయు, లోపల కణద్రవ్యమును, నడుమ కేంద్రకమును గలవు.

కేంద్రకమున 46 క్రోమోజోము లున్నవి. వానిలో 23 తల్లినుండియు, 23 తండ్రినుండియు వచ్చినవి. వానియందలి ముఖ్యపదార్థము డి.ఎన్.ఏ. ఇది మెలివడిన నిచ్చెనవలె నుండునని 1953లో వాట్సన్, క్రిక్ అనువారు వెల్లడించిరి. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషి తీయించిన ఎక్స్-కిరణ చిత్రము వారికి మిక్కిలి తోడ్పడెను. ఈ నిచ్చెన మెట్లయందు ఏ, టి, జి, సి అను నాలుగే యక్షరములు గలవు. ఏ కెదురుగా టియు, జి కెదురుగా సియు మాత్రమే నిలుచును. కావున కణము విభజన నొందునపుడు నిచ్చెన రెండుగా చీలి, ఒక్కొక్క పాయ తనకు తగిన జోడును కూర్చుకొనును. ఒక తాటియాకు గ్రంథమునకు లేఖకుడు ప్రతి వ్రాసినట్లు ఈ వ్రాత కణమునుండి కణమునకును, తల్లిదండ్రులనుండి బిడ్డలకును వచ్చుచున్నది.

ఈ వ్రాత చెప్పున దేమి? ప్రోటీనుల నెట్లు నిర్మింపవలెనో చెప్పును. ఒక ప్రోటీనునకు సంబంధించిన వ్రాత యున్న భాగమును జన్యువందురు. ఆ జన్యువునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తయారై కేంద్రకమునుండి వెలికి వచ్చును. రైబోజోము లనునవి ఆ నకలును మూడేసి యక్షరములుగా చదువును. ఒక్కొక్క మూడక్షరముల మాట ఒక్కొక్క అమినో ఆమ్లమునకు గుర్తు. ఇరువది విధములగు అమినో ఆమ్లములు పూలదండలో పూలవలె వరుసగా గ్రుచ్చబడి ప్రోటీ నగును.

మన రక్తమునకు ఎఱుపు నిచ్చు హీమోగ్లోబిన్ ఇట్టి ప్రోటీనే. ఇది ఎఱ్ఱకణములయందుండి ప్రాణవాయువును మోసికొనిపోవును. ఇందలి 'బీటా' అను దండలో 146 అమినో ఆమ్లములు గలవు. ఆరవ స్థానమునకు జి-ఏ-జి యను మాట యుండవలెను; అది గ్లుటామిక్ ఆమ్లమును దెచ్చును. కొందఱిలో నడిమి యక్షరము మాఱి జి-టి-జి యైనది. అపుడు వాలీన్ అను వేఱొక ఆమ్లము వచ్చి కూర్చుండును. మన భాషలో 'సరళము'నందలి మొదటి యక్షరము మాఱినచో 'గరళ' మగును గదా! ఇదియు నట్టిదే.

ఇట్టి హీమోగ్లోబిన్ ప్రాణవాయువును విడిచినతోడనే పోగులుగా పేరుకొనును. గుండ్రని మెత్తని కణము కొడవలివలె వంగి బిఱుసెక్కి, సన్నని రక్తనాళములయందు అడ్డుపడును. నొప్పులకు కారణ మిదియే. మంచి ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవింపగా, కొడవలి కణము 10 మొదలు 20 దినములలోనే నశించును. అందుచే రక్తహీనత కలుగును. 1910లో షికాగో వైద్యుడగు జేమ్సు హెరిక్ ఈ కణములనుగూర్చి ప్రకటించెను. దోషము హీమోగ్లోబిన్‌నందే కలదని 1949లో లైనస్ పౌలింగును ఆయన తోడివారును నిరూపించిరి. మాఱినది ఒక్క అమినో ఆమ్లమే యని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తెలిపెను.

ప్రతి మనుష్యునకు ఈ జన్యువు ప్రతులు రెండు గలవు. ఒక ప్రతియందు మాత్రమే తప్పున్నవారు వాహకులు. వారు సాధారణముగా ఆరోగ్యవంతులే. తల్లియు తండ్రియు ఇరువురును వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట నొకపాలును, వాహకుడగుటకు రెండుపాళ్లును, తప్పు రాకుండుటకు ఒకపాలును అవకాశము గలదు. మేనరికపు సంబంధములయందు ఇరువురికిని ఒకే పూర్వికునినుండి అదే తప్పు సంక్రమించి యుండుట కవకాశము హెచ్చు.

మఱి యీ తప్పు ఇంతకాల మేల నిలిచినది? వాహకులకు ప్రాణాంతకమగు మలేరియానుండి చాలవఱకు రక్షణ కలుగును. కావుననే మలేరియా ప్రబలిన యాఫ్రికా భాగములందును, మన దేశపు అడవి ప్రాంతములందును ఇది హెచ్చుగా కనబడును. భారతదేశమున దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులయందు గుర్తించిరి. ఆంధ్ర, తెలంగాణముల మన్యవాసులయందును ఇది గలదు. దీని నిర్మూలనకై కేంద్రప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన ఒక జాతీయ కార్యక్రమము నారంభించి, ఏడుకోట్లమంది రక్తమును పరీక్షింప సంకల్పించినది. హైడ్రాక్సీయూరియా యను మందు నొప్పుల తఱచుదనమును తగ్గించును. శిశువు గర్భమున నున్నపుడు వాడుకొను వేఱొక హీమోగ్లోబిన్ మరల పుట్టునట్లు జన్యువులను సవరించు చికిత్సకు 2023లో ఇంగ్లండు, అమెరికాలు అనుమతి నొసంగినవి.

విద్యార్థులారా! వ్యాధిగల బిడ్డను గన్న తల్లిని నిందించుట మన సంఘమునందు గలదు. అది యన్యాయము. ఆ బిడ్డకు రెండు ప్రతులును వచ్చినవి. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఆ ప్రతులను వారు కోరి వ్రాసినవారు కారు, తమ పెద్దలనుండి పొందినవారు. ఇది అంటువ్యాధి కాదు. కావున అట్టి బాలుని ప్రక్కన కూర్చుండుటకు జంకవలదు. వానికి దాహమైనపుడు నీ రందింపుడు, చలిలోను ఎండలోను అలసిపోనీయకుడు, నొప్పి యని చెప్పినపుడు సోమరితనమని యెంచకుడు. మీ యూరికి రక్తపరీక్ష చేయువారు వచ్చినచో, ఇంటి పెద్దలకు దాని ప్రయోజనమును మీరే బోధింపుడు. చదువరాని వ్రాతకు మన పూర్వులు తలయొగ్గిరి. చదువవచ్చిన దానిని చదువక యూరకుండుట మనకు తగదు.