రోగి కథ ఎంత దూరం పోతుంది?

మిషన్ ఆసుపత్రుల కబుర్లు లోకమంతటికీ ఎలా చేరుతున్నాయి, ఆ దారిలో రోగి కుటుంబము ఏమి జాగ్రత్త పడాలి అన్నదే ఈసారి మా పాఠము.

అమెరికన్ బాప్టిస్టుల తరపున తెలుగు దేశానికి వచ్చిన శామ్యూల్ డే గారు 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగారు. మనిషికే అన్ని నెలలు పడితే ఉత్తరము సంగతి చెప్పనక్కరలేదు. నెల్లూరులో ఆయన మొదలుపెట్టిన పనిని మూసివేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. అప్పుడు నెల్లూరును ఒంటరి నక్షత్రముగా పోల్చి శామ్యూల్ స్మిత్ గారు ఒక పద్యము రాశారు. అది విన్నవారి మనసు మారింది. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చినదే. ఆ సభలోని వారిలో ఎంతమంది నెల్లూరు చూసి ఉంటారు? దూరం నుండి వచ్చిన కథే ఆ పనిని నిలబెట్టింది.

మా నర్సులకు ఇంకా దగ్గరైన కథ గుంటూరుది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు పెన్సిల్వేనియా నుండి 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. మన పొరుగునే ఉన్న ఏలూరు రాజావారు, తమ రాణిగారికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు ఉండటానికి సత్రము కట్టించారు. రోగితో వచ్చినవారికి వంటకు, పడకకు చోటు లేకపోతే ఎంత అవస్థో వార్డులో పనిచేసే మాకు తెలుసు. అందుకే ఆ సత్రము మాకు బంగారు పతకము కంటె గొప్పగా తోస్తుంది.

అయితే ఈ కథలన్నీ ఇంగ్లీషులో రాసి, సముద్రము అవతల అచ్చువేసినవి. ఎవరి జబ్బు గురించి రాశారో ఆ తల్లులకు చదవడము రాదు, ఆ పత్రిక వారి ఇంటికి రాదు. ఇప్పుడు ఇంటర్నెట్ వలన అవి తిరిగి మన ఇంటికి వస్తున్నాయి. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయములో డేవిడ్ డౌనీ గారు 1893లో ప్రచురించిన లోన్ స్టార్ మిషన్ చరిత్రను ఉచితముగా చదవవచ్చు. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పాత మిషన్ ఫోటోలను నెట్‌లో పెట్టింది. మామిడి కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికినప్పుడు పిల్లల చేత ఫోనులో తీయించి చూడండి. ఇలాంటి పాత ఫోటోలు చాలావాటిలో దొరసానిగారి పేరు ఉంటుంది. పక్కన నిలబడిన మన ఆడపడుచు పేరు ఉండదు.

ఇప్పుడు ఆపద మరోలా ఉంది. పేరు, ఊరు, మంచము నంబరు అన్నీ క్షణములో పోతున్నాయి. మా ఎరుకలో ఒక అమ్మాయికి టి.బి. అని తెలియగానే ఇంటివారు ప్రార్థన కోరుతూ పేరుతో సహా వాట్సాప్‌లో పెట్టారు. అది హైదరాబాదు బంధువులకు, వారి నుండి అమెరికాలో ఉన్నవారికి, అక్కడి నుండి పెళ్ళి మాటలు నడుస్తున్న ఇంటికి చేరింది. సంబంధము తప్పిపోయింది. అమ్మాయి మాత్రము ఆరు నెలలు మందులు వాడి బాగుపడింది!

ప్రార్థనకు జబ్బు పేరు అవసరమా? "మా ఇంట్లో ఒకరికి ఆరోగ్యము బాగాలేదు" అంటే చాలదా? హెచ్.ఐ.వి. విషయములో ఇది చట్టము కూడా. 2017 చట్టము ప్రకారము, చట్టములో చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, ఆ వ్యక్తి ఒప్పుకోనిదే ఎవరూ బయటపెట్టరాదు.

ఇంకొక మాట. స్వస్థత సాక్ష్యముల వీడియోలు ఏ దేశము నుండో వస్తుంటాయి. అవి చూసి ఇన్సులిన్ మానేసి, స్పృహ తప్పి వచ్చినవారిని మేము చేర్చుకున్నాము. సాక్ష్యము వినండి, ఇన్సులిన్ మాత్రము డాక్టరుగారు చెప్పనిదే ఆపకండి.

చెట్టు మీద నుండి పడి కాలు విరిగినవారిని, కాన్పు అయిన తల్లిని, పసిబిడ్డను చూడటానికి వచ్చినవారు ఫోను తీస్తే, ముందు ఆ రోగిని అడగాలి. చుట్టాలైనా, సంఘపెద్దలైనా, విదేశాల నుండి వచ్చిన అతిథులైనా అంతే. ఫోటో ఎక్కడికి పోతుందో తెలుగులో చెప్పించుకోండి. మత్తులో ఉన్నవారు అవునన్నా అది ఒప్పుకోలు కాదు. మీకు ఇష్టము లేకపోతే వార్డు సిస్టరుతో చెప్పండి. ఫోటో వద్దన్నందుకు ఎవరి వైద్యమూ ఆగదు.