కొండకోనల్లో కళ - ఆరోగ్యం

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పారు. అయితే ఆ భాగ్యం అందరికీ సమానంగా దక్కడం లేదు. పుట్టిన చోటు, మాట్లాడే భాష, ఊరికి దారి ఉండటం, లేకపోవడం వంటివి మనిషి ఆయుష్షును ప్రభావితం చేస్తున్నాయి. తొలగించడానికి వీలుండి కూడా తొలగిపోని ఇటువంటి అన్యాయమైన తేడాలనే ఆరోగ్య అసమానతలు అంటారు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ ప్రకృతి శోభకు పెట్టింది పేరు. కాఫీ తోటలు, పసుపుపచ్చని వలిసె పూలు యాత్రికులను మురిపిస్తాయి. ఆ కొండల వెనుక మరొక జీవితం ఉంది. రహదారి లేని గూడేల నుండి రోగులను, నిండు గర్భిణులను డోలీలో మోసుకొని రావలసి వస్తున్నది. మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతాలలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. కాని చెల్లాచెదురైన గూడేలకు జనాభా లెక్క కంటె నడవవలసిన దూరమే అసలైన కొలత. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజనారోగ్యంపై ఏర్పడిన నిపుణుల సంఘం నివేదిక 2018లో వెలువడింది. దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతమే అయినా, మలేరియా మరణాలలో దాదాపు సగం వారివేనని అది తెలిపింది.

ఈ స్థితి మారడంలో కళకు పాత్ర ఉందా? ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా చెప్పారు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది. పురాణం మిత్రునిలా హితవు చెబుతుంది. కావ్యం ప్రియురాలిలా మనసు కరిగించి ఒప్పిస్తుంది. దోమతెర వాడాలన్న గోడరాత ప్రభుసమ్మితం. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చెప్పే మాట మిత్రసమ్మితం. అదే సంగతి పాటగా, నాటికగా వస్తే కాంతాసమ్మితం.

ఇందుకు నిదర్శనాలున్నాయి. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు పల్లెపల్లెనూ కదిలించాయి. అక్షరాలతోపాటు ఆలోచన నేర్చిన దూబగుంట మహిళలు సారాపై పోరాటానికి నాంది పలికారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. కర్ణాటకలోని ఒక మలేరియా పీడిత జిల్లాలో 30 మంది స్థానిక కళాకారులు రెండు వారాలపాటు సాయంవేళల కళాజాతా ప్రదర్శించారు. రెండు నెలల తరువాత పరిశీలించగా, చూడనివారి కంటె చూసినవారికి మలేరియా నివారణపై అవగాహన పెరిగినట్లు తేలింది. శుభ్రమైన నీటిలోనూ మలేరియా దోమ పెరుగుతుందని, దాని పిల్లలను తినే చేపలు మేలు చేస్తాయని వారు గ్రహించారు. ఈ అధ్యయనం 2006లో ప్రచురితమైంది.

అరకులోయకు ఈ మార్గం కొత్తది కాదు. ఒకరి వీపు వెనుక మరొకరు చేతులు కలిపి, డప్పు, తుడుము, మోరి వాద్యాలకు అనుగుణంగా ఆడే ధింసా ఇక్కడి గిరిజనుల సామూహిక నృత్యం. అందులో బాఘ ధింసా పులి దాడిని, దాని బారి నుండి తప్పించుకొనే తీరును ప్రదర్శిస్తుంది. ఆపదను కలిసి ఎదుర్కోవాలన్న తెలివి ఆ అడుగులలోనే ఉంది.

అయితే కళాజాతాకు, కళా కార్యశాలకు భేదం ఉంది. మొదటిదానిలో యువత ప్రేక్షకులు. రెండవదానిలో వారే కర్తలు. కార్యశాలలో ముందుగా ముగ్గుపిండితో నేలపై ఊరి పటం గీయవచ్చు. ఊటనీరు ఎక్కడ, ఆరోగ్య ఉపకేంద్రం ఎక్కడ, వానాకాలంలో ఏ గెడ్డ దారి మూసివేస్తుంది అన్నవి అందులో గుర్తిస్తారు. ఆ పటం ముందు నిలిచినప్పుడు ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. అవే పాటకు పల్లవి, నాటికకు ఇతివృత్తం అవుతాయి. కువి లేదా ఆదివాసీ ఒడియా మాత్రమే తెలిసిన తల్లిగా ఒకరు, తెలుగులో మందుల మోతాదు చెప్పే వైద్యునిగా మరొకరు నటించి, తరువాత పాత్రలు మార్చుకొంటే, మాట అందకపోవడం ఎంత ప్రమాదమో ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నీటికోసం కొండ దిగవలసిన ఊరిలో చేతులు కడుక్కోమని మాత్రమే పాడితే అది పరిహాసమవుతుంది. లోపమంతా గిరిజనుల అజ్ఞానానిదేనన్న నిందగా మారుతుంది. పాట రహదారి వేయలేదు; నాటిక వైద్యుని స్థానాన్ని పూరించలేదు. కాని రహదారి ఎందుకు లేదని అడిగే గొంతును అవి ఇవ్వగలవు. అందుకే యువత రూపొందించిన నాటికను గూడెంతోపాటు గ్రామసభలోనూ, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ అధికారుల ఎదుటా ప్రదర్శించాలి. సమాధానం చెప్పవలసినవారు కూడా ప్రేక్షకులలో కూర్చున్ననాడు కళ ఉపదేశంతో ఆగక, హక్కును గుర్తుచేసే స్వరమవుతుంది.

ప్రశ్నలు

1. ఆరోగ్య అసమానత అనగానేమి? అరకులోయ ఆధారంగా వివరించండి.
2. ఉపదేశ విధానాలు మూడింటిని ఆరోగ్య ప్రచారానికి అన్వయించండి.
3. కళాజాతాకు, కళా కార్యశాలకు గల భేదమేమి?
4. మీ ఊరి ఆరోగ్య సమస్యపై యువత రూపొందించదగిన ఒక నాటికకు ఇతివృత్తం రాయండి.