గుండెల్లో మంట

హిందీలో దీన్ని ‘సీనే మే జలన్’ అంటారు. బెంగాలీలో ‘బుక్ జాలా’, తమిళంలో ‘నెంజెరిచ్చల్’. ఊరూరూ తిరిగిన మీరు వీటిలో ఒకటో రెండో వినే ఉంటారు. మన తెలుగులో ‘గుండెల్లో మంట’. మనిషికి గుండె ఒక్కటే కదా, మరి ‘గుండెల్లో’ అని బహువచనం ఎందుకు? ‘గుండెలు బాదుకుంది’, ‘గుండెలకు హత్తుకుంది’ అన్న మాటలు గుర్తు చేసుకోండి. అక్కడ గుండెలంటే రొమ్ము, ఛాతీ. ఇక్కడా అంతే. ఈ మంటతో గుండెకు పని లేదు.

మండేది అన్నవాహిక. మింగిన ముద్ద ఈ గొట్టంలోంచే కడుపులోకి దిగుతుంది. కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. కడుపు గోడకు జిగురు పొర కాపలా ఉంది, అన్నవాహికకు అంత కాపలా లేదు. రెండూ కలిసేచోట ఒక కండరం ఉంగరంలా బిగుసుకుని ఉంటుంది. అది వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. నోటిదాకా వస్తే పులితేన్పు. (ఇందులో పులి లేదు, పులుపు ఉంది. ఏటా ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు.)

రైలు ప్రయాణాలు మీకు కొత్త కాదు. రాత్రి కడుపునిండా పూరీలు తిని వెంటనే బెర్తు ఎక్కి పడుకుంటే ఏమవుతుంది? కూర్చున్నంతసేపూ ఆమ్లాన్ని కిందనే ఉంచిన భూమ్యాకర్షణ ఇక సాయపడదు. నిండిన కడుపు ఆ కండరాన్ని నెడుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దనేది ఇందుకే.

సోడా పొడి తాగితే జరిగేది పదో తరగతివాళ్ళు చదివే తటస్థీకరణే. కార్బన్ డయాక్సైడ్ పుట్టి పెద్ద తేన్పు వస్తుంది. లోపలి గ్యాస్ పోయిందని పెద్దవాళ్ళు సంతోషిస్తారు. ఆ గ్యాస్‌లో చాలామటుకు సోడా పుట్టించిందే!

ఈ ‘గ్యాస్’ అన్న మాట మీద మాకు కోపం. ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే అనేస్తారు. గుండెపోటు కూడా ఒక్కోసారి మంటలా, అజీర్తిలా మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఛాతీ బిగపట్టినట్లై, నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పట్టి ఊపిరాడకపోయినా సోడా కలుపుతూ కూర్చోకూడదు. నాన్నగారు డ్యూటీ మీద దూరాన ఉన్నా, కొత్త ఊళ్ళో డాక్టరెవరో తెలియకపోయినా 112కి ఫోన్ చేయండి. ఏ రాష్ట్రంలోనైనా అదే నంబరు. ఫోన్‌లో చిరునామా అడుగుతారు. కొత్త క్వార్టరు నంబరు, వీధి పేరు, దగ్గరి గుర్తు ఇవాళే ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.