పాల శీతల యంత్రం – దానిని నమ్ముకొన్న వృత్తి

అనంతపురం మెట్ట ప్రాంతంలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. వేరుశనగ ఎండిన ఏడు పాడి రైతు ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే.

పొదుగు నుండి వచ్చిన పాలు దాదాపు 38 డిగ్రీల వేడిగా ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోనే రెట్టింపు కాగలవు. కనుక పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచాలి. బల్క్ కూలర్ ఆగిపోతే ఊరి పాలన్నీ ఒకేసారి పాడవుతాయి.

మన గాలిలోని దుమ్ము కండెన్సర్ రెక్కలను మూసివేస్తుంది. వేడి బయటకు పోదు. కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగి, కరెంటు ఖర్చు పెరిగి, చివరకు కాలిపోవచ్చు. లో వోల్టేజి కూడా మోటారుకు చేటే.

వారానికొకసారి కరెంటు ఆపి, రెక్కలను మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. పూటపూటా పాల వేడి, వోల్టేజి పుస్తకంలో రాయాలి. గ్యాసు, వైరింగు పనులు మాత్రం శిక్షణ పొందినవారే చేయాలి.

ఈ శిక్షణ మంచి బతుకుతెరువు. పదో తరగతి ప్యాసైన పిల్లలు ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లు చదవవచ్చు. పాల కేంద్రాల్లోనే కాక ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో కూడా ఈ పని అవసరమే. ప్రతి సంఘం తన ఊరి నుండి ఒకరినైనా ఈ చదువుకు ప్రోత్సహించాలి.